నేనైతే దిగను

ఓడ ఎక్కిన మూడో రోజు సాయంత్రందాకా నాతో మాట్లాడినవాళ్ళు ముగ్గురే. తలుపు దగ్గర కార్డు చూసే అతను, బల్ల దగ్గర "సూపా, సలాడా?" అని అడిగే అతను, గోడలోంచి మాట్లాడే మైకు. మైకు రోజుకి నాలుగుసార్లు "ప్రియమైన అతిథులారా" అని పిలిచేది. ఆ పిలుపుకి కూడా నేను తలెత్తి చూసేదాన్నంటే నా అవస్థ మీరే ఊహించుకోండి.

అసలు ఇది నేను ఒక్కదాన్నీ రావలసిన ప్రయాణం కాదు. మా తమ్ముడి కూతురు "రిటైరయ్యావు కదత్తా, ఇంకా ఎవరి నీళ్ళతొట్లలోకి తొంగిచూస్తావు? పద, ఇద్దరం ఓడలో తిరిగొద్దాం" అని నా వెంటపడి టిక్కెట్లు తీయించింది. తీరా బయల్దేరే ముందురోజు సెలవు దొరకలేదని ఫోన్ చేసింది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అయినా ఆ పిల్ల గొంతు వినేసరికి తిట్టబుద్ధి కాక "సరేలేవే" అన్నాను. క్యాబిన్‌లో రెండు మంచాలు. ఒకటి ఖాళీగా కనపడకుండా దానిమీద నా పెట్టె, తువ్వాళ్ళు, రెండు పుస్తకాలు పరిచి పెట్టాను. గది సర్దే అమ్మాయి రోజూ అవన్నీ తీసి కింద పెట్టి, దుప్పటి ముడత లేకుండా పరిచేసి వెళ్ళేది. నేను మళ్ళీ పెట్టేదాన్ని. ఓడలో నాకున్న కాలక్షేపం అదొక్కటే.

భోజనాల దగ్గర ఎవరి బల్ల వాళ్ళకి ముందే రాసి పెట్టేస్తారు. పదకొండు రోజులూ అదే బల్ల, అవే మొహాలు. మా బల్లకి ఆరుగురం. బ్యాంకులో పనిచేసి మానేసిన ఒకాయన, ఆయన భార్య. కొత్తగా పెళ్ళయిన జంట, వాళ్ళు ఒకళ్ళ పళ్ళెంలోంచి ఒకళ్ళు తింటూ లోకాన్నే మరిచిపోయినవాళ్ళు. మూలన ఒక టీచరమ్మ, నా వయసుదే, ఎప్పుడూ కిటికీవైపు చూస్తూ ఉండేది. ఆరోదాన్ని నేను. మొదటిరోజు నేను "నమస్కారమండీ" అంటే అందరూ "నమస్కారమండీ" అన్నారు. అక్కడితో సరి. ఆ తరవాత నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని తిని లేచి వచ్చేసేదాన్ని.

మూడో రోజు సాయంత్రం అందరి తలుపుల కిందనుంచీ ఒక కాగితం తోశారు. ఎల్లుండి పొద్దున ఎనిమిదికి ఓడ ఆగబోయే రేవులో డెంగీ కేసులున్నాయట, దిగేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలట. ఇంకేముంది, ఆ పూట భోజనాల హాల్లో దోమల మాట తప్ప మరో మాట లేదు.

"ఆరు దాటాక బయట తిరక్కుండా ఉంటే చాలటండీ" అన్నారు బ్యాంకాయన.

"వెల్లుల్లి తింటే దగ్గరికి రావట" అంది ఆయన భార్య.

"మనం ఏసీ బస్సులోనే కదా తిరిగేది" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు, పెళ్ళాం చెయ్యి పట్టుకుని.

ఎంతసేపని నోరు కట్టుకుని కూర్చుంటాను? "ఆరు దాటాక కుట్టేది మలేరియా దోమండీ. డెంగీది పట్టపగలే కుడుతుంది. ఎండ ముదరకముందు, మళ్ళీ ఎండ దిగేవేళ మరీను. బస్సులోకి ఎక్కేటప్పుడు మీతోపాటే టిక్కెట్టు లేకుండా ఎక్కుతుంది. వెల్లుల్లి కూరలో వేసుకోండి, దోమ ఏమీ అనుకోదు" అన్నాను.

చెంచాలన్నీ ఆగాయి. అయిదుగురూ నావైపు తిరిగారు.

"మీరు డాక్టరాండీ?" అంది బ్యాంకాయన భార్య.

"కాదు. ముప్పై ఒక్కేళ్ళు దోమల ఇన్‌స్పెక్టరుగా చేశాను."

ఆ ఒక్క మాటతో నా దశ తిరిగింది. నిన్నటిదాకా నీళ్ళ గ్లాసు అందించమంటే వినపడనట్టు ఉన్నవాళ్ళు కుర్చీలు నా పక్కకి జరుపుకున్నారు. దోమ ఎన్నాళ్ళు బతుకుతుంది, ఎంత దూరం ఎగురుతుంది, మగది కుడుతుందా ఆడది కుడుతుందా. ఆడదే కుడుతుందంటే బ్యాంకాయన భార్యకేసి చూసి నవ్వారు, ఆవిడ ఆయన చేతిమీద ఒకటి వేసింది. పక్క బల్లలవాళ్ళు కూడా లేచి వచ్చి నిలబడ్డారు. మర్నాడు పొద్దున డెక్కు మీదికి వెళితే "అదిగో, దోమల మేడమ్" అని నలుగురు పిలిచారు. నేను ఈతకొలను పక్కనున్న పూలకుండీల కింద పళ్ళాలు ఎత్తి చూపించి, ఇదిగో నీళ్ళు, ఇదిగో నిర్లక్ష్యం అని ఓడవాళ్ళకి క్లాసు పీకితే చుట్టూ ఉన్నవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. నా కళ్ళు నెత్తికెక్కాయి. ఎందుకు దాచాలి, చాలా బాగుంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా పెద్ద ఇన్‌స్పెక్టరు నాకు నేర్పింది అదే. "ఏ ఇంట్లోనూ 'మీ ఇల్లు బాగుంది, ఏం కాదు' అని చెప్పి బయటికి రాకు. చెప్పావా, మర్నాటినుంచి మూతలు తీసి పారేస్తారు. అద్దంలా ఉన్న ఇంట్లో కూడా ఒక్క తప్పు వెతికి, భయపెట్టి, అప్పుడు రా." నేను అక్షరాలా అలాగే చేశాను. గుమ్మంలో నన్ను చూడగానే "దోమలమ్మ వచ్చింది, నీళ్ళు పారబొయ్యండి" అని వీధి వీధంతా గోల చేసేది. ఎవరింట్లోనూ నాకు కుర్చీ వెయ్యలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇస్తే ఆ బిందె కూడా చూస్తానని భయం. సొంత మేనకోడలి పెళ్ళిలోనే వంటవాళ్ళ డ్రమ్ముల్లో టార్చి వేసి చూశానని మా తమ్ముడు నెలరోజులు మాట్లాడలేదు. అలా ఎవరికీ మంచిమాట చెప్పకుండా ముప్పై ఒక్కేళ్ళు గడిపి, చివరికి మంచిమాట చెప్పేవాళ్ళు లేకుండా ఇంటికొచ్చి కూర్చున్నాను.

నాలుగో రోజంతా సముద్రం మీదే. ఆ రోజు టీచరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ అడిగింది దోమల గురించి కాదు. "మీరూ ఒక్కరేనా అండీ?" అంది. అవునన్నాను. "నేనూ అంతే" అని పక్కన కూర్చుంది. ఇద్దరం డెక్కు చుట్టూ ఆరుసార్లు తిరిగాం. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పేదట, అందుకని తిరిగిన చుట్లు వేళ్ళ మీద ముడుచుకుంటూ నడిచింది. రెండో చుట్టుకే నన్ను "వదినగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను మేడమ్ అన్నవాళ్ళున్నారు, దోమలమ్మ అన్నవాళ్ళున్నారు, వరస కలిపి పిలిచిన పరాయి మనిషి ఈవిడే. నాకు లోపల ఎక్కడో తడి తగిలింది.

సాయంత్రం టీ వేళకి ఆవిడ తన కథంతా చెప్పింది. రేపు ఓడ ఆగే ఊళ్ళోనే వాళ్ళ అక్క ఉంటుందట. పద్ధెనిమిదేళ్ళయింది చూసి. వాళ్ళమ్మ పోయినప్పుడు అక్క రాలేకపోతే ఈవిడ ఫోన్లో "నీకు ఇక అమ్మా లేదు, చెల్లెలూ లేదు" అని పెట్టేసిందట. అంతే, మళ్ళీ మాటల్లేవు. రెండేళ్ళ కిందట ఈవిడకీ భర్తకీ ఒకే వారంలో డెంగీ వచ్చింది. ఇద్దర్నీ ఒకే వార్డులో పక్కపక్కనే పడుకోబెట్టారు. నాలుగో రోజు ఆయన పోయాడు, ఈవిడ ఇంటికి వచ్చింది. ఆ కబురు తెలిసి అక్క తనంతట తనే ఫోన్ చేసిందట.

"అక్కకి డెబ్బై దాటాయి వదినగారూ. ప్రయాణాలు చెయ్యలేదు. అంత దూరం నేనొక్కదాన్నీ వెళ్ళాలంటే నాకు ధైర్యం చాల్లేదు. ఈ ఓడ అక్కడ ఆగుతుందని తెలిసి టిక్కెట్టు తీసుకున్నా. పదింటికి రేవు గేటు దగ్గర నిలబడతానంది. తను లోపలికి రాకూడదుట, నేనే దిగాలి."

"మరింకేం?" అన్నాను.

"ఈ కాగితం చూసినప్పటినుంచీ కాళ్ళు ఆడట్లేదండీ. ఆయన ఎలా పోయారో నేను పక్క మంచం మీంచి చూశాను. ఓడ నర్సునడిగితే పూర్తిచేతుల బట్టలు వేసుకుని క్రీము రాసుకుని వెళ్ళి రావచ్చు అంది. కుర్రపిల్ల, దానికేం తెలుసు? మీరైతే ముప్పై ఏళ్ళు చూసినవారు. మీరెలా చెబితే అలా. దిగనా, వద్దా?"

నాకు జవాబు తెలుసు. కాగితంలో ఉన్నది నేను నాలుగుసార్లు చదివాను. కేసులు ఊరి శివార్లలో, అవీ కొద్దిగా. రెండు నెలలుగా వాన లేదు. రేవు చుట్టూ మందు కొట్టారు. ఓడ మెట్ల నుంచి గేటుదాకా రెండొందల అడుగులుంటుందేమో. నర్సు చెప్పింది ముమ్మాటికీ సరైన మాట.

కానీ అప్పటికే నా వైభవం తగ్గుముఖం పట్టింది. చెప్పిన కబుర్లే ఎన్నిసార్లు వింటారు? బ్యాంకు దంపతులు క్రీము కొనుక్కుని బస్సు టిక్కెట్లు తీసేసుకున్నారు. కొత్త జంట సరేసరి. ఈవిడ కూడా దిగిపోతే రేపు అంత ఓడలో నేనూ, మైకూ మిగులుతాం. నేను దిగుదామంటే నాకోసం ఏ గేటు దగ్గరా ఎవరూ నిలబడి లేరు. రేపు ఒక్క పూట నాకు తోడు కావాలి. అంతకుమించి నేనేమీ కోరలేదు.

"ఒకసారి డెంగీ వచ్చినవాళ్ళకి రెండోసారి వస్తే మొదటిదానికన్నా ప్రమాదమండీ" అన్నాను. "నేనైతే దిగను."

నేను అబద్ధం చెప్పలేదు. అదే నా తెలివి. నిజంలో భయపెట్టే సగం చెప్పి, మిగతా సగం మింగేశాను. ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి, "సరే వదినగారూ. మీరు చెప్పారు, బతికించారు" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఓడ ఖాళీ అయిపోయింది. టీచరమ్మ సిగ్నల్ అందగానే, రావట్లేదని చెప్పడానికి అక్క ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అక్కకి ఇంట్లో ఫోనే తప్ప సెల్లు లేదట. "అప్పుడే బయల్దేరి ఉంటుంది. గంట ముందే చేరడం దానికి అలవాటు" అని ఫోన్ పక్కన పెట్టేసింది.

పై డెక్కు మీద నీడలో రెండు కుర్చీలు వేసుకున్నాం. నేను పేకముక్కలు తెచ్చాను, టీ తెచ్చాను, బిస్కెట్లు తెచ్చాను. పిల్లని చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారికి కూడా ఎవరూ అంత మర్యాద చేసి ఉండరు. అయితే ఆ డెక్కు మీంచి గేటు తిన్నగా కనిపిస్తుందని నాకు తెలియదు.

పదింటికి పది నిమిషాల ముందు గేటు బయట నీలం గొడుగు ఒకటి వచ్చి ఆగింది.

"అదే మా అక్క" అంది టీచరమ్మ. "చిన్నప్పటినుంచీ అలాగే, ఎడమ కాలి మీద బరువేసి నిలబడుతుంది."

అంత దూరాన్నించి నాకు గొడుగు తప్ప కాలేదో చెయ్యేదో తెలియలేదు. ముక్కలు పంచాను. ఆవిడ ఆడింది. బాగానే ఆడింది, రెండాటలు గెలిచింది కూడా. మధ్యమధ్య నన్ను అడిగేది, "మీకు భయం వేసేది కాదా వదినగారూ, రోజూ ఆ దోమల మధ్య?" అని. నేను నా పాత సంగతులు చెప్పేదాన్ని, ఆవిడ నవ్వేది. నవ్వు అయిపోగానే కళ్ళు గేటు మీదికి వెళ్ళేవి. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. నేను కోరుకున్న పూట నాకు పూర్తిగా దక్కింది. బిస్కెట్లు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఒంటిగంటన్నర ప్రాంతంలో, ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు గుంపులు గుంపులుగా తిరిగి రావడం మొదలైంది. అప్పుడు చూశాను. ఆ ముసలావిడ గొడుగు మూసేసింది. గేటులోకి వెళ్ళే ప్రతి ఆడమనిషికీ ఎదురు వెళ్ళి, మొహంలోకి మొహం పెట్టి చూస్తోంది. ఒకళ్ళని చూసి తల అడ్డంగా ఊపుకుని, ఇంకొకళ్ళ దగ్గరికి. చెల్లెలు దిగి ఊళ్ళోకి వెళ్ళిపోయిందేమో, తను పోల్చుకోలేక వదిలేసిందేమో అని అనుమానం వచ్చినట్టుంది. ఒకావిడ విసుక్కుని చెయ్యి విదిలించుకుంది. ముసలావిడ దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంది.

"అక్క నన్ను పోల్చుకోలేదు పాపం" అంది టీచరమ్మ మెల్లగా. "పద్ధెనిమిదేళ్ళ కిందట నా జుట్టు నల్లగా ఉండేది."

నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు.

"దిగండి" అన్నాను.

"ఏమిటండీ?"

"కిందికి దిగి మీ అక్క దగ్గరికి వెళ్ళండి. ఏం కాదు."

ముప్పై ఒక్కేళ్ళలో 'ఏం కాదు' అన్న మాట నా నోట రావడం అదే మొదలు.

"మరి నిన్న రెండోసారి వస్తే ప్రమాదమన్నారు?"

"అది నిజమే. కానీ ఇక్కడ వచ్చే అవకాశం చాలా తక్కువ. వానల్లేవు, మందు కొట్టారు, గేటు ఇదిగో ఇక్కడే. క్రీము రాసుకుని వెళ్తే సరిపోయేది. నర్సు చెప్పిందే రైటు. నాకు నిన్ననే తెలుసు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

అబద్ధమాడాలంటే దారులు బోలెడున్నాయి. నా ఉద్యోగం అలవాటంటే సరిపోయేది, అందులో సగం నిజం కూడా ఉంది. "ఇవాళ ఒక్కదాన్నీ ఉండాలంటే భయం వేసింది" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే నాకు తేలికయ్యేది. చేతిలో ముక్కలు బల్లమీద బోర్లించి లేచింది. "పదింటినుంచి నిలబడి ఉంది మేడమ్, మా అక్క" అంది.

మేడమ్ అంది.

"ఆగండి, పొట్టి చేతులవి వేసుకున్నారు, క్రీమైనా రాసుకోండి" అంటూ నేను ట్యూబు పట్టుకుని వెంటపడ్డాను. ఆవిడ మెట్ల మీద పరుగులాంటి నడక నడుస్తోంది. కార్డు చూసే అతని దగ్గర మిషను కూత పెట్టింది, ఆవిడ దాటేసింది. నేను ట్యూబు పట్టుకుని ఇవతలే నిలబడిపోయాను. నా కార్డు పైన బల్లమీద వదిలేశాను మరి.

పైకి పరిగెత్తాను. చూసేసరికి టీచరమ్మ గేటు దాటుతోంది. అక్క ఎదురొచ్చింది, అందరి మొహాల్లోకి చూసినట్టే చూసింది, పక్కకి జరిగి వెనకొచ్చేవాళ్ళకేసి కదిలింది. టీచరమ్మ ఏమని పిలిచిందో తెలియదు. ఆ ముసలావిడ చేతిలో గొడుగు జారి పడిపోయింది. తరవాత వాళ్ళు ఇద్దరుగా కనిపించలేదు, ఒక్క ముద్దగా కనిపించారు. నాకు ఏడుపొచ్చింది. హమ్మయ్య అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అన్నీ ఒక్కసారే.

ఎండ మండిపోతోంది. కాసేపటికి వాళ్ళు నీడకోసం గేటు గోడ పక్కకి వెళ్ళి కూర్చున్నారు. కుర్చీలేమీ లేవక్కడ. దేనిమీద కూర్చున్నారా అని కళ్ళు చికిలించి చూశాను. పాత టైర్లు. ఓడలు రాసుకోకుండా గోడలకి కట్టే టైర్లు, పనికిరానివి, ఒకదానిమీద ఒకటి పేర్చి పడేసినవి.

డెంగీ దోమకి టైరుకన్నా ఇష్టమైన ఇల్లు లోకంలో లేదు. వాన పడకపోతేనేం, రోజూ పైపులు పెట్టి రేవు కడుగుతారు, ఆ నీళ్ళు చాలు. కార్డు తీసుకుని నేనూ దిగాను. రెండొందల అడుగులు నా వయసుకి తగని వేగంతో నడిచాను. గేటు దాటి పది అడుగుల దూరంలోకి వెళ్ళేసరికి టీచరమ్మ నన్ను చూసింది. అక్క చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. రెండో చెయ్యి నావైపు ఎత్తి అరచెయ్యి చూపించింది. రావద్దని.

ఆగిపోయాను. "టైర్ల మీంచి లేవండి" అని అరవచ్చు. నిన్న ఒక భయం చెప్పాను, ఇవాళ ఏం కాదన్నాను, మళ్ళీ ఇంకో భయం. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆవిడ మాట్లాడుతూనే వంగి, చీలమండ మీద చటుక్కున చరుచుకుంది. తనకే తెలియదు చరుచుకున్నట్టు. మళ్ళీ అక్క మొహంలోకి చూస్తూ మాటల్లో పడింది.

నాకు దగ్గరగా ఇవతలి కొసన ఉన్న టైర్లలోకి వంగి చూశాను. నీళ్ళున్నాయి. లార్వాలు, దోమ పిల్లలు, కదులుతున్నాయి. నాకు తెలిసిన పని ఒక్కటే, ఆ టైర్లు ఒకటొకటే ఎత్తి నీళ్ళు కింద పారబోశాను. కాపలా అతను "ఏయ్, ఏంటమ్మా అది, ముట్టుకోకు" అని కేకలేశాడు. నాలుగు పారబోసేసరికి చేతులు పట్టు తప్పాయి. మూడున్నరకి ఓడ కూత వేసింది. వాళ్ళిద్దరూ లేచారు. నేను ముందే వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ పూట భోజనాలకి మా బల్లమీద అయిదు పళ్ళేలే పెట్టారు. టీచరమ్మ వడ్డించే అతనికి చెప్పి హాలు ఆ చివర బల్లకి మారిపోయిందట.

"మీ ఫ్రెండు అటు వెళ్ళిపోయిందేం?" అంది బ్యాంకాయన భార్య.

"అక్కడ గాలి బాగా వస్తుందటండీ" అన్నాను.

దోమ కుట్టాక జ్వరం రావాలంటే నాలుగు రోజులనుంచి పది రోజులు పడుతుంది. ఓడ ప్రయాణం ఇంకా ఆరు రోజులుంది. మర్నాటినుంచి నేను రోజూ అందరికన్నా ముందు టిఫిన్ హాలుకి వెళ్ళి, తలుపుకి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆవిడ వచ్చేది. నడక చూసేదాన్ని, ఒళ్ళు నొప్పులున్నవాళ్ళ నడక నాకు తెలుసు. పళ్ళెంలో ఎంత పెట్టుకుందో చూసేదాన్ని. బ్రెడ్డు రెండు ముక్కలు తింటే ఆ రోజుకి నా కడుపు నిండేది. నాలుగో రోజు ఎనిమిదైనా రాలేదు. ఎనిమిదిన్నరైనా రాలేదు. కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరిగి తిరిగి, ఇక ఆగలేక ఆవిడ క్యాబిన్ వెతుక్కుంటూ వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు తీసింది. జుట్టు విరబోసుకుని ఉంది, తలస్నానం చేసినట్టుంది.

"ఏమిటి?" అంది.

"జ్వరమేమైనా..."

"లేదు."

తలుపు వేసేసింది. 'లేదు' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నా గదికి వచ్చి, పెట్టె పక్కకి తోసి ఆ రెండో మంచం మీద కూర్చుని, ఎవరైనా చనిపోతే ఏడ్చినట్టు ఏడ్చాను.

ఆరో రోజు పొద్దున ఓడ మా రేవుకి చేరింది. సామాన్లతో దిగే వరసలో ఆవిడ నాకన్నా నలుగురు ముందు ఉంది. వరస కదిలేముందు వెనక్కి తిరిగి నన్ను చూసింది. కాస్త ఆలోచించి, తన చోటు వదులుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కకి ఓడ ఆలస్యమైందని చెప్పాను మేడమ్" అంది. "మీ సంగతి చెప్పలేదు."

"మీరు..." అన్నాను. "ఇంకా నాలుగు రోజులు జాగ్రత్తగా ఉండండి. ఒళ్ళు వెచ్చబడితే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. ఆలస్యం చెయ్యొద్దు."

ఆవిడ తల ఊపింది. నేను చెప్పిందానికి ఊపిందో, ఇక చాలన్నట్టు ఊపిందో. జనంలో కలిసిపోయింది.

ఇంటికి వచ్చాను. మేనకోడలు ఫోన్ చేసి "ఎలా ఉందత్తా, ఎంజాయ్ చేశావా?" అని అడిగింది. బాగుందన్నాను. ఏడో రోజు గడిచింది. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్ని వేల ఇళ్ళ లెక్కలు రాశానో. ఒక్క మనిషి ఒళ్ళు వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలుసుకునే దారి నాకు లేకుండా పోయింది.

పదో రోజు సాయంత్రం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడకి జ్వరం వచ్చేదైతే ఈపాటికి వచ్చేసి ఉంటుంది. రానిదైతే ఇక రాదు. అడుగుదామంటే ఆవిడ నంబరు నా దగ్గర లేదు. వదినగారూ అని పిలిచిన రోజు అడిగితే ఇచ్చి ఉండేది.